మోకాలి కుట్టు మానినదని ఎట్లు తెలియును?



నేను హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సులో నివసించు వైద్యుడను. దేహములోపలి భాగముల చిత్రములు తీసి, వాటిని చదివి చెప్పుట నా వృత్తి. కత్తిపట్టి చికిత్స చేయువాడను కాను. చికిత్స చేయువారికి నాకు కనబడినదానిని తెలుపువాడను. మోకాలిలో చినిగిన మెత్తని భాగమును కుట్టిన పిమ్మట ఆ కుట్టు మానుచున్నదో లేదో అల్ట్రాసౌండు అను పరీక్షవలన ఎంతవరకు తెలియునో, ఎచ్చట తెలియకపోవునో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

ఇది పట్టణపు సంగతి, పల్లెలలోనున్న మాకేల యని మీలో కొందరికి తోచవచ్చును. జూబిలీ హిల్సు, ఫిలింనగరు అనగానే నటీనటుల మేడలు జ్ఞప్తికి వచ్చుట సహజము. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి క్రమక్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976 లో బంజారా హిల్సునందు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. ఆ చెంతనే ఈ రాతిగుట్టలపై మరికొన్ని స్టూడియోలును, పరిశ్రమకు సంబంధించిన కార్యాలయములును వెలసినవి. 1988 లో జూబిలీ హిల్సునందు అపోలో ఆసుపత్రి ప్రారంభమైనది. కాని తెరమీద పేరు కనబడువారు కొందరే. వారి వెనుక బృందనృత్యములలో ఆడువారు, పోరాటదృశ్యములలో ఎత్తునుండి దూకువారు, దీపములు మోయువారు, సెట్లు కట్టువారు ఎందరో కలరు. వారిలో పెక్కుమంది దాపుననున్న కృష్ణానగరులో చిన్న గదులు అద్దెకు తీసికొని ఉందురు. వారు మీ యూళ్లనుండి వచ్చిన బిడ్డలే. మోకాలు చెడినప్పుడు వారు మరల మీ యరుగుమీదికే వచ్చి కూర్చుందురు. ఎప్పుడు లేవవలెను, ఎప్పుడు పనికి పోవలెను అని ఇంటిలో మాట చెప్పువారు మీరే. కావున ఈ సంగతి మీకు తెలియుట అవసరము.

2023 మార్చిలో ఆస్కారు బహుమానము పొందిన ‘నాటు నాటు’ పాటను మీలో పలువురు చూచియుందురు. అట్టి ఆటలో పాదము నేలపై నిలిచియుండగనే దేహము తిరుగును. మోకాలు వంగును, మెలితిరుగును, తటాలున చాచుకొనును. కబడ్డీయాటలోను, బురదచేలలో కాలు దిగబడి పక్కకు తిరిగినప్పుడును జరుగునది ఇదియే. మోకాలిలోని మెత్తని గద్దె చినుగుటకు ఇట్టి మెలికయే సామాన్య కారణము.

ఆ గద్దె ఎట్టిదో చెప్పెదను. మోకాలు రెండు పెద్ద యెముకల కూడలి. పైనుండి దిగు తొడయెముక కొన కుండ అడుగువలె గుండ్రముగా నుండును. క్రిందనున్న కాలియెముక పైభాగము ఇంచుమించు చదునుగా నుండును. చదునైన నేలపై కుండ దొర్లకుండుటకు మన యిండ్లలో దానిక్రింద చుట్టకుదురు పెట్టుదురు గదా! ఆ విధముగనే మోకాలిలో లోవైపున ఒకటి, వెలివైపున ఒకటి, రెండు చుట్టకుదుళ్లు కలవు. అవి పూర్తిగా చుట్టినవి కావు, నెలవంక యాకారము గలవి. గ్రీకుభాషలో చిన్న చంద్రుడను అర్థమిచ్చు మాటనుండి వీటికి మెనిస్కసు అను పేరు కలిగినది. వెలి యంచు దళసరిగాను, లోని యంచు పలుచగాను ఉండుటచే, అడ్డముగా చూచినచో ఇది త్రికోణమువలె కనబడును. దేహభారమును ఒక్కచోట పడనీయక పంచిపెట్టుటయే దీని పని.

ఇట్టిది చినిగినప్పుడు ఏమి చేయవలెను? ఎడింబరో నగరమున థామస్ అన్నండేల్ అను శస్త్రవైద్యుడు 1883 లోనే దీనిని కుట్టి బాగుచేసెను. అయినను తరువాత చిరకాలము వైద్యులు చినిగినదానిని తీసివేయుటకే అలవాటుపడిరి. తీసివేసిన మోకాళ్లలో ఎముకలు క్రమముగా అరుగు మార్పులను 1948 లో ఇంగ్లండు వైద్యుడగు ఫెయిర్‌బ్యాంక్ ఎక్స్‌రే చిత్రములలో చూపెను. చుట్టకుదురు తీసివేసిన కుండవలె భారమంతయు కొద్దిచోట పడుటయే దానికి కారణము. జపాను దేశమున టకాగి అను వైద్యుడు 1918 లో సన్నని గొట్టముద్వారా శవముయొక్క మోకాలిలోనికి చూచుటతో మొదలుపెట్టిన పద్ధతి వృద్ధిచెందగా, 1969 లో ఆ దేశమునందే ఇకెయుచి అను వైద్యుడు అట్టి గొట్టముతో చూచుచు మెనిస్కసును కుట్టెను. నేడు వీలున్నంతవరకు తీసివేయక కుట్టుటయే మేలని వైద్యులు తలచుచున్నారు.

అన్ని చినుగులును కుట్టినంతమాత్రమున అతుకవు. అతుకుటకు రక్తము కావలెను. మెనిస్కసుయొక్క వెలి యంచున నూటికి 10 మొదలు 30 వంతులవరకే రక్తనాళములు కలవని 1982 లో అమెరికాలో ఆర్నోస్కీ, వారెన్ అను పరిశోధకులు తెలిపిరి. లోని యంచునకు రక్తము లేదు. కావున వెలి యంచున పడిన చినుగు సాధారణముగా బాగుగా అతుకును. లోనికి పోయినకొలది ఆశ తగ్గును. అయిదేండ్లకు పైబడి రోగులను గమనించిన పరిశీలనలను కూడి చూచినచో, కుట్టిన మెనిస్కసులలో ఇంచుమించు నాలుగైదింటికి ఒకటి విఫలమైనట్లు తేలినది. ఇది భయపెట్టుటకు చెప్పుట లేదు. అతుకుట అను కార్యము కుట్టుతో ముగియక, కుట్టుతో ఆరంభమగునని తెలియుటకు చెప్పుచున్నాను.

మొదటి నాలుగు మొదలు ఆరు వారములు సాధారణముగా చంకకర్రలు, మోకాలికి పట్టీ వాడింతురు. వంచుట కొలతప్రకారము జరుగును. గొంతుకూర్చుండుట ఇంచుమించు నాలుగు నెలలు మాన్పింతురు. పరుగు, దూకుట, నాట్యము మొదలగునవి నాలుగు మొదలు ఆరు నెలలకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఆలస్యముగా, అనుమతింతురు. చినుగు తీరునుబట్టి ఈ గడువులు మారును. అయితే చిక్కెక్కడనగా, నొప్పి ఈ గడువుకంటె ఎంతో ముందుగనే పోవును. నొప్పి పోయినవాడు తాను బాగైతిననుకొనును. ఇంటివారును అట్లే అనుకొందురు.

మామిడికి అంటు కట్టువారు మీలో ఉందురు. అంటు అతికినదో లేదో చూచుటకు ఎవరైనను కట్టు విప్పి కొమ్మను లాగి చూతురా? అట్లు లాగినచో అతుకుచున్నది ఊడును. చిగురును, కొమ్మ పచ్చదనమును, కట్టు దగ్గర ఉబ్బును చూచి ఊహింతురు. కుట్టిన మోకాలియెడలను అంతే. మరల గొట్టము దింపి కంటితో చూచుటకంటె నిశ్చయమైన పరీక్ష లేదు. కాని అది మరియొక ఆపరేషను. దానిని ఊరకే చేయరాదు. కట్టు విప్పకుండ చూచు ఉపాయములలో అల్ట్రాసౌండు ఒకటి.

కుమ్మరివద్ద కుండ కొనునప్పుడు వ్రేలితో కొట్టి, మ్రోతనుబట్టి అది పగిలినదో గట్టిదో తెలిసికొందుము. గబ్బిలము చీకటిలో శబ్దము పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి దారి తెలిసికొనును. అల్ట్రాసౌండు యంత్రము చేయునదియు ఇట్టిదే. మనుష్యుని చెవికి సెకనునకు 20,000 కంపనములకు మించిన ధ్వని వినబడదు. మోకాలిని చూచుటకు వాడు ధ్వని సెకనునకు 70 లక్షలు మొదలు 150 లక్షల కంపనములవరకు ఉండును. కొన్ని స్ఫటికములకు ఒత్తిడివలన విద్యుత్తు పుట్టునని 1880 లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ గుణమే ఈ యంత్రమునకు ఆధారము. 1958 లో గ్లాస్గో నగరమున అయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు దీనితో కడుపులోని గడ్డలను, గర్భస్థశిశువును చూచిన వృత్తాంతమును ప్రకటించిరి. గర్భిణులకు చేయు పరీక్షగా మీకిది తెలిసియుండును. శిశువు ఆడో మగో తెలుపుటను నిషేధించుచు 1994 లో చట్టము వచ్చినందున ఈ యంత్రములను ప్రభుత్వమువద్ద నమోదు చేయించి వాడవలెను. మోకాలికి మాత్రమే వాడుదునన్నను ఆ నియమము తప్పదు. కావున యంత్రమును సంచిలో పెట్టుకొని చిత్రీకరణ స్థలమునకు రమ్మని కొందరడిగినప్పుడు నేను పోను.

పరీక్ష తీరు ఇది. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మోకాలిక్రింద చిన్న దిండుంచి, చర్మముపై చల్లని జిగురు పూయుదును. ధ్వనికి గాలి అడ్డు కాబట్టి ఆ జిగురు కావలెను. మొదట మోకాలిచిప్పకు పైభాగమున చూచెదను. కీలులో నీరు చేరియున్నచో అక్కడ నల్లని మడుగువలె కనబడును. తరువాత లోవైపున, వెలివైపున రెండెముకల సందున చూచెదను. అక్కడ మెనిస్కసు తెల్లని త్రికోణమువలె కనబడును. చినుగు ఉన్నచో నల్లని గీతగా తోచును. కుట్టుదారములు మెరయు చుక్కలుగా నుండును. ఆ త్రికోణము ఎముక యంచును దాటి ఎంత వెలికి జరిగినదో కొలిచెదను. మూడు మిల్లీమీటర్లకు మించినచో దానిని గణింపదగినదిగా ఎంచుట వాడుక. పరున్నప్పుడు చోటున నుండి, నిలుచున్నప్పుడు వెలికి జరుగు మెనిస్కసులు కలవు. భారము పడగానే కుండక్రిందినుండి జరుగు చుట్టకుదురువంటివి. రోగిని నిలువబెట్టి చూచుట ఈ యంత్రముతో సులభము. పిమ్మట బోరగిల పరుండబెట్టి వెనుకభాగము చూచెదను. రక్తప్రవాహమును రంగులతో చూపు ఏర్పాటును కలదు. తుదకు రెండు తొడల కండల మందమును కొలిచి పోల్చెదను. ఆపరేషను తరువాత తొడకండ త్వరగా సన్నగిల్లును, నిదానముగా తిరిగివచ్చును. ఇందులో ఎక్స్‌రే కిరణములు లేవు. ఎమ్మారై కంటె ఖర్చు తక్కువ. నెలనెలా చూచి మునుపటితో పోల్చవచ్చును. ఒక్క చిత్రముకంటె వరుసగా తీసిన చిత్రములే ఎక్కువ చెప్పును.

ఇక ఈ పరీక్షకు తెలియనిదానిని చెప్పవలెను. ధ్వని ఎముకను దాటిపోలేదు. ఎముకల మధ్య లోతుగా నున్న మెనిస్కసు లోని యంచును, అది ఎముకకు నాటుకొనియుండు మూలములను ఇది చక్కగా చూపలేదు. దేహము స్థూలముగా నున్నచో చూపు మరింత తగ్గును. చూచువాని చేతి నేర్పునుబట్టి ఫలితము మారును. వీటికి ఎమ్మారై మేలైనది. అయితే అదియు పొరపడును: కుట్టి బాగైన చోటకూడ మచ్చ మిగిలి, నెలలు గడిచినను, ఏండ్లు గడిచినను చినుగువలె కనబడవచ్చును. కావున శస్త్రవైద్యుని చేతిపరీక్షయు, రోగి నడకయు, చిత్రమును, గడిచిన కాలమును కలిపి చూడవలెను. ఏ యొక్కదానిని నమ్మినను మోసపోదుము.

ఈ మాట నేను పుస్తకములో చదివియే తెలిసికొంటినని చెప్పుట సరికాదు. చాల యేండ్లక్రిందట పోరాటదృశ్యములలో పనిచేయు ఒక యువకుడు, మోకాలికి కుట్లు పడిన మూడవ నెలలో నావద్దకు వచ్చెను. నీరు లేదు; వెలి యంచు శుభ్రముగా కనబడెను. “దోషమేమియు కనబడలేదు” అని కాగితముపై వ్రాసితిని. “ఇక పనికి పోవచ్చునా?” అని అతడడుగగా, “నా చూపునకు అంతయు బాగుగనే యున్నది” అంటిని. ఆ మాటను అతడు అనుమతిగా తీసికొనెను. శస్త్రవైద్యుని చూడకయే పనికి పోయి, గోడమీదినుండి దూకిన దినముననే మోకాలు పట్టుకొని పడిపోయెను. నాకు కనబడని లోపలిభాగమున అతుకు ఊడినది. ఈసారి కుట్టుటకు వీలులేక ఆ ముక్కను తీసివేయవలసివచ్చినది. కనబడలేదనుటకును, లేదనుటకును గల భేదమును అతనికి చెప్పకపోవుట నా తప్పు. ఆనాటినుండి ప్రతి నివేదికలోను ఏమి కనబడినదో వ్రాసిన పిదప, ఏ భాగము కనబడలేదో ఒక పంక్తి తప్పక వ్రాయుచున్నాను.

మరియొక సంగతి చెప్పి ముగింపునకు వచ్చెదను. కృష్ణానగరులో నుండి బృందనృత్యములలో ఆడు ఒక పిల్లవాడు తన తాతగారితో వచ్చెను. ఆ పెద్దమనిషిది నూజివీడు ప్రాంతము. మామిడితోట కౌలునకు చేయువాడు. ఆయన ఇట్లనెను: “డాక్టరుగారూ, వీనికి నొప్పి లేదు. కుంటుట లేదు. ఆపరేషను జరిగి పదునొకండు వారములైనది. పదిదినముల పాటకు పిలుపు వచ్చినది. ఆపరేషనుకై చేసిన అప్పు అట్లే యున్నది. మోకాలు బాగైనదని ఒక ముక్క వ్రాసియిచ్చిన చాలును.”

చూచితిని. చిప్పపైని మడుగు, నెలక్రిందట లేనిది, ఇప్పుడున్నది. పరున్నప్పుడు మెనిస్కసు చోటుననే యున్నది. నిలువబెట్టగా మునుపటికంటె కొంత వెలికి జరిగినది. తొడకండ రెండవ కాలికంటె స్పష్టముగా సన్నగా నున్నది. “అబ్బాయీ, ఈ వారములో ఏమి చేసితివి?” అని అడిగితిని. అతడు తాతవైపు చూచి తల వంచుకొనెను. రెండు రాత్రులు గదిలో తలుపు మూసికొని అడుగులు సాధన చేసెనట.

“కుట్టు ఊడినదా?” అని తాతగారు అడిగెను. “అది ఈ చిత్రమునుబట్టి చెప్పజాలను. ఊడలేదనియు చెప్పజాలను. మోకాలు ఇంకను సిద్ధముగా లేదని మాత్రము చెప్పగలను” అంటిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, “బాబూ, పాట పోయినచో ఆ డబ్బు ఎవరిత్తురు?” అనెను. దానికి నావద్ద జవాబు లేదు. “అయ్యా, అంటు కట్టిన కొమ్మకు మూడవ నెలలో ఉయ్యాల కట్టుదురా?” అని మాత్రము అడిగితిని. ఆయన నావైపు చూచి, “అంటు సంగతి నాకు మీరు చెప్పనక్కరలేదు గాని, కాగితము ఉన్నదున్నట్లు వ్రాయండి” అనెను.

వ్రాసితిని. శస్త్రవైద్యుడు పిల్లవానిని ఆపి, వ్యాయామచికిత్సను మరల మొదటినుండి కట్టుదిట్టముగా చేయించెను. పాట పోయినది, అప్పునకు వడ్డీ పెరిగినది. ఆరు వారముల తరువాత చూడగా నీరు లేదు, నిలుచున్నప్పుడు జరుగుట తగ్గినది, తొడకండ పుంజుకొనినది. శస్త్రవైద్యుడు తన పరీక్ష తాను చేసి, ఏడవ నెలలో ఆటకు అనుమతించెను. అతడిప్పుడు వెనుక వరుసలో ఆడుచున్నాడు. ఆ కుట్టు కడవరకు నిలుచునని నేను పూచీ పడజాలను. కాని దానికి దక్కవలసిన కాలము దక్కినది.

పెద్దలారా, మీ యింట ఇట్టి మోకాలు వచ్చినచో నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనుడు.

మొదటిది: నొప్పి పోయినంతమాత్రమున మానినదనుకొనవలదు. గొంతుకూర్చుండుట, బరువెత్తుట, చేనిపని ఎప్పుడు మొదలుపెట్టవలెనో కుట్టిన వైద్యునే అడుగవలెను.

రెండవది: ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టునకు పోవు వాడుక మనలో కలదు. మెనిస్కసు ఎముక కాదు. కుట్టిన మోకాలికి నూనె రాచి బలిమిని వంచుట, పైన మరియొక కట్టు బిగించుట తగదు.

మూడవది: అల్ట్రాసౌండు చేయించినప్పుడు “ఏమి కనబడినది?” అని అడిగి ఊరకుండక, “ఏది కనబడలేదు?” అనియు అడుగుడు. పాత నివేదికలను పారవేయక వెంట తీసికొనిపొండు. పోల్చిచూచుటకు అవి కావలెను.

నాల్గవది: మోకాలు వంగక చాచుకొనక పట్టుకొనిపోయినను, ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము వచ్చినను, పిక్క వాచి నొప్పిపుట్టినను, ఆయాసము కలిగినను, మరునాటివరకు వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపొండు. పిక్కలోని రక్తనాళమున గడ్డ కట్టినచో అది ప్రాణముమీదికి రావచ్చును. దానిని కనిపెట్టుటకును ఈ ధ్వనిపరీక్షయే సాధనము.

పడుచువానికి తొందర సహజము. అప్పు, కూలి, అవకాశము వానిని తరుముచుండును. ఇంటిలో ఒక పెద్ద “ఇంకొక నెల ఆగుము, నేను చూచుకొందును” అన్నచో ఆ మోకాలికి గొప్ప సాయము చేసినట్లే. నూజివీడు తాతగారు ఆ నెలలు ఎట్లు నెట్టుకొనివచ్చెనో నాకు తెలియును. అది తేలిక కాదు. అయినను ఆయన ఆగెను.